జ్యోతిర్మయి అడ్రస్

18 జనవరి 2005, మంగళవారం

ఇవాళ ఆస్పత్రి మొత్తం నా వల్ల ఆగిపోయింది. నలభై నిమిషాలు.

ఉదయం ఎనిమిదింటికి కొత్త డైరెక్టరీ సర్వర్‌లోకి మారాం. ఇక్కడ పనిచేసే ఆరొందల పన్నెండు మంది పేర్లు, వార్డులు, ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రస్‌లు ఇకమీదట ఒకేచోట ఉంటాయి. ఏ కంప్యూటర్‌లో లాగిన్ అవ్వాలన్నా ఆ సర్వర్ ఒప్పుకోవాలి. అందులో ఎవరు ఏది చదవొచ్చు, ఎవరు ఏది మార్చొచ్చు అన్న రూల్స్ రాయడం నా పని. రెండు వారాలు కూర్చుని పదకొండు రూల్స్ రాశాను. ఎవరి సంగతీ ఎవరికీ ఊరికే కనబడకూడదని పట్టుదలగా రాశాను.

పట్టుదల మరీ ఎక్కువైంది. లాగిన్ పేజీ ముందు మనిషి పేరు వెతకాలి, ఆ తర్వాతే పాస్‌వర్డ్ సరిచూడాలి. నేను పేరు వెతికే హక్కు కూడా ఎవరికీ ఇవ్వలేదు. డాక్టర్లకీ లేదు, నర్సులకీ లేదు, ఓపీలో చీటీలు రాసే రెబ్కాకీ లేదు. క్యూ గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లింది. గుంటూరు మిర్చి యార్డు వైపు నుంచి ఘాటు కొడుతోంది, క్యూలో వాళ్లంతా ఒకటే దగ్గు.

మా సెక్షన్ హెడ్ శివరామకృష్ణ గారు పరుగెత్తుకొచ్చారు. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు.

"అమ్మా సంతోషా, నీ రూల్స్ తర్వాత చూసుకుందాం! ముందు జనాన్ని లోపలికి రానియ్యి!"

పాస్‌వర్డ్‌లకి సంబంధించిన రూల్ ఒక్కటీ అలాగే ఉంచి, దాని కిందే, మిగతా వాటన్నిటి కన్నా పైన, ఒక లైన్ కొట్టాను. అన్నీ అందరూ చదవొచ్చు. అంతే. నిమిషంలో అందరూ లోపలికి వెళ్లిపోయారు.

సాయంత్రం ఆ లైన్ తీసేసి, సరైనది రాయాలి.

19 జనవరి

తీయలేదు. రేపు.

24 జనవరి, సోమవారం

మధ్యాహ్నం ఒక సిస్టర్ మా గదికి వచ్చింది. ఆడవాళ్ల వార్డులో స్టాఫ్ నర్సు, జ్యోతిర్మయి. ముప్ఫై ఉంటాయేమో. నిలబడే మాట్లాడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీరేనా అండీ, కంప్యూటర్లో మా అందరి అడ్రస్‌లు పెట్టింది?"

"నేనే సిస్టర్."

"నాది కనబడకుండా చేయగలరా?"

కారణం నేను అడగలేదు. ఆమే చెప్పింది. భర్తది అద్దంకి పక్కన ఊరు, లారీ తోలతాడు. ఏడాదిన్నర క్రితం పాపని తీసుకుని వచ్చేసింది. ఎక్కడుంటోందో, ఏ ఆస్పత్రిలో చేస్తోందో అతనికి తెలియదు. మిర్చి సీజన్ మొదలైందంటే లోడ్లతో వారానికోసారి గుంటూరు యార్డుకి వస్తాడు.

"అతనికి తెలిస్తే..." అని ఆపేసి, చీర కొంగు భుజం మీద సర్దుకుంది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంకరగా ఉంది. విరిగి, సరిగా అతకనట్టు.

రేపటికల్లా చేస్తానని మాటిచ్చాను.

25 జనవరి, మంగళవారం

జ్యోతిర్మయికి ఒక్కదానికే కాదు, అందరికీ కలిపి రూల్ రాశాను. ఇంటి అడ్రస్, ఇంటి ఫోన్ ఎవరివి వాళ్లే చూడొచ్చు, ఉద్యోగుల రికార్డులు ఉంచే పర్సనెల్ ఆఫీసు వాళ్లు చూడొచ్చు, ఇంకెవరికీ వద్దు. ఫైల్ చివర్లో పెట్టాను.

సరిచూశాను. నాకు ఆమె అడ్రస్ కనబడింది. కొరిటెపాడు, వాటర్ ట్యాంక్ వెనక సందు, మేడ మీద గది. తర్వాత గుర్తొచ్చింది, నేను లాగిన్ అయింది మేనేజర్ అకౌంట్‌తో. ఆ అకౌంట్‌కి ఏ రూలూ వర్తించదు, అన్నీ కనబడతాయి. కనబడటం సహజమే.

వార్డుకి వెళ్లి "అయింది సిస్టర్" అని చెప్పాను. ఆమె నవ్వింది. మంచి నవ్వు.

27 జనవరి

పైనున్న ఆ లైన్ ఇంకా తీయలేదు. కింద రూల్ ఉంది కదా. పర్లేదు.

3 ఫిబ్రవరి, గురువారం

వరసగా రాస్తాను.

లాగిన్ ఆలస్యమవుతోందని ల్యాబ్ వాళ్లు వారం నుంచి గొడవ. ఎవరు ఏం వెతుకుతున్నారో సర్వర్ రాసి పెట్టుకునే ఫైల్ ఒకటుంటుంది, ఉదయం దాన్ని తెరిచాను. వేల లైన్లు. మధ్యలో ఒక లైన్ దగ్గర కళ్లు ఆగిపోయాయి.

జనవరి 29, శనివారం, పగలు పదకొండు ఇరవై. ఫార్మసీ రెండో కౌంటర్. వెతికిన పేరు జ్యోతిర్మయి. అడిగింది ఇంటి అడ్రస్. దొరికినవి ఒకటి.

దొరికితే ఏంటి, అడ్రస్ దాచాను కదా అనుకున్నాను. అనుకుంటూనే లేచి ఓపీకి వెళ్లాను. రెబ్కాని పక్కకి జరగమని, ఆమె లాగిన్‌తోనే వెతికాను. కొరిటెపాడు, వాటర్ ట్యాంక్ వెనక సందు, మేడ మీద గది. అక్షరం పోకుండా ఉంది.

"ఎవరిది?" అంది రెబ్కా.

"ఎవరిదీ కాదు" అన్నాను.

నాకు అప్పుడు వెలిగింది. సర్వర్ రూల్స్‌ని పైనుంచి కిందికి చదువుతుంది. సరిపోయే రూల్ మొదట ఏది కనబడితే అక్కడే ఆగిపోతుంది, కిందికి రాదు. 'అన్నీ అందరూ చదవొచ్చు' దగ్గర ఆగిపోయింది. నేను చివర్లో రాసిన రూల్‌ని సర్వర్ ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా చూడలేదు. ఇది నాకు తెలియని సంగతా? సర్వర్ పుస్తకంలో ఆ మాట కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీసుకున్నాను. మేనేజర్ అకౌంట్‌తో ఏం సరిచూస్తే ఏం తెలుస్తుంది?

పది నిమిషాల్లో సరిచేశాను. దాచాల్సింది పైకి తెచ్చాను. పైనున్న లైన్ తీసేసి, అందరికీ పేరు, వార్డు, ఆస్పత్రి ఫోన్ మాత్రమే కనబడేలా కింద కొత్తది రాశాను. మళ్లీ రెబ్కా లాగిన్‌తో చూశాను. అడ్రస్ దగ్గర ఖాళీ.

ఫార్మసీ రెండో కౌంటర్‌లో కూర్చునేది యేసుపాదం గారు. అరవై దగ్గర పడ్డాయి, మా చర్చిలో సంఘ పెద్ద. ఊరికే చూసుంటారు. వార్డు నుంచి వచ్చిన ఇండెంట్ చీటీకి మందులు పంపాలని చూసుంటారు.

4 ఫిబ్రవరి

చెప్పలేదు. రూల్ ఇప్పుడు సరిగానే ఉంది. చెప్పి జ్యోతిర్మయిని భయపెట్టడం దేనికి?

ఇండెంట్ పంపడానికి ఇంటి అడ్రస్ దేనికి?

మందులు తెచ్చే నెపంతో ఫార్మసీ వైపు వెళ్లాను. యేసుపాదం గారు నన్ను చూసి తల దించుకున్నారు. ఆయన సొంతూరు కూడా అద్దంకి దగ్గరే అని పక్క కౌంటర్ అమ్మాయి చెప్పింది.

5 ఫిబ్రవరి, శనివారం

పొద్దున టిఫిన్ దగ్గర అమ్మ నా పళ్లెం లాగేసుకుంది.

"ఏమే, మూడు రోజుల నుంచీ కెలకటమే గానీ తింటం లేదు. ఏం జేసొచ్చావ్?"

చెప్పాను. కంప్యూటర్ సంగతి అమ్మకేం అర్థమవుతుందిలే అనుకుంటూ చెప్పాను. అమ్మ పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి. అంతా విని చేతులు తుడుచుకుంది.

"ఆ పిల్లకి తెలిస్తే ఇల్లన్నా మారుద్ది. తెలియకపోతే ఆ ఇంట్లోనే ఉంటది. తిడితే తిట్టనీ. పో."

వార్డుకి వెళ్లేసరికి జ్యోతిర్మయి ట్రేలో సూదులు సర్దుతోంది. గది తలుపు వేసి చెప్పాను. మొత్తం చెప్పాను, పైనున్న లైన్ సంగతీ, రేపు రేపు అని వదిలేసిన సంగతీ.

ఆమె అరవలేదు. "ఫార్మసీలో ఎప్పుడు చూశారు?" అంది.

"పోయిన శనివారం."

"ఇవాళ శనివారమే." ట్రే కింద పెట్టింది. "వారం రోజులు. ఈ వారం రోజులూ నేను కిటికీ తీసి పడుకున్నానండీ. ఎండలు మొదలయ్యాయని."

ఆమె నా వైపు తిరిగింది.

"మీరు అయిందని చెప్పారు."

"అయిందనే అనుకున్నాను సిస్టర్."

"మీరు అనుకుంటే నాకేం ఒరిగింది? చూడాలి కదా. నేను డోసు సరిపోయిందనుకుని సూది వేస్తే ఊరుకుంటారా ఇక్కడ?"

ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. తిట్టినా బాగుండేది.

తర్వాత ఇద్దరం ఆటోలో కొరిటెపాడు వెళ్లాం. దారి పొడుగునా ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. సందు మొదట్లోనే ఇంటావిడ కనబడింది. "ఎవరన్నా నాకోసం వచ్చారా అండీ?" అని జ్యోతిర్మయి అడిగితే, "ఎవరూ రాలేదే, ఏం?" అంది. జ్యోతిర్మయి మెట్ల మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. నేను పక్కన నిలబడ్డాను. పక్కన కూర్చునే అర్హత ఉందనిపించలేదు.

బట్టలు, పాప పుస్తకాలు రెండు సంచుల్లో సర్దుకుని, బడి నుంచి పాపని తీసుకుని మా ఇంటికి వచ్చాం. పాప పేరు అమూల్య, ఒకటో తరగతి. అమ్మ వంకాయ కూర చేసింది. "ఈ మామ్మ చేతులేంటి, ఇట్టా గరగ్గా ఉన్నాయి?" అని పాప అడిగింది. "సున్నం తిన్నది తల్లీ" అని అమ్మ చెప్పింది. సున్నం ఎలా తింటుందని పాప ఒకటే ప్రశ్నలు. ఈ వారంలో నేను నవ్వడం అదే మొదలు.

6 ఫిబ్రవరి, ఆదివారం

సంస్కార ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. చర్చి నిండా జనం. పెద్దలందరూ ముందు వరసలో లేచి బల్ల దగ్గరికి వెళ్లి మోకరించారు. యేసుపాదం గారు లేవలేదు. నాకు తెలిసి ఆయన ఏ నెలా మానలేదు. తల వంచుకుని అలాగే కూర్చున్నారు. పక్కాయన మోచేత్తో పొడిచినా కదల్లేదు.

నాకిక అనుమానం లేదు. అడ్రస్ ఆమె భర్తకి చెప్పేశారు. చెప్పి, ఇప్పుడు బాధపడుతున్నారు.

ఇంటికొచ్చి ఈ మాట జ్యోతిర్మయికి చెప్పలేదు. రేపు నేనే వెళ్లి అడుగుతాను. ఈసారి రేపంటే రేపే.

7 ఫిబ్రవరి, సోమవారం

దేవా!

నెమ్మదిగా రాస్తాను, ఒక్క మాట కూడా పోకూడదు.

ఫార్మసీ తెరవకముందే వెళ్లాను. యేసుపాదం గారు మందుల అట్టపెట్టెలు విప్పుతున్నారు. నేను కూర్చోలేదు.

"పోయిన శనివారం ముందు శనివారం, మీరు జ్యోతిర్మయి సిస్టర్ అడ్రస్ వెతికారు. ఎవరి కోసమండీ?"

చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టి, "నీకెట్టా తెలిసిందమ్మా?" అన్నారు.

"సర్వర్‌లో ఉంది."

"ఊఁ. అన్నీ ఎక్కడో ఒకచోట రాసే ఉంటాయి." స్టూలు మీద కూర్చున్నారు. "ఒకతను వచ్చాడమ్మా. మా ఆవిడ ఇక్కడ నర్సు, పాపకి జ్వరం, ఇల్లు మారారు, కొత్త అడ్రస్ చీటీ ఎక్కడో పోగొట్టుకున్నాను అన్నాడు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. నేను నమ్మాను. పేరు కొట్టాను, అడ్రస్ వచ్చింది. చదవబోయాను కూడా. కొరిటె... దాకా నోట్లోకి వచ్చింది."

"చెప్పారా?"

"విను. జ్వరం మందు నేనే ఇద్దామని చీటీ తీసి, పాపకి ఎన్నేళ్లు నాయనా అన్నాను. డోసు రాయాలిగా. చెప్పలేకపోయాడు. నాలుగన్నాడు, కాదు ఐదన్నాడు. అయినా నీకెందుకయ్యా అదంతా, అడ్రస్ చెప్పు అని కౌంటర్ మీద గుద్దాడు. అప్పుడు చూశానమ్మా అతని ముఖం. ఆ సిస్టర్ చెయ్యి గుర్తొచ్చింది నాకు. ఇండెంట్లు తెస్తుంటదిగా, రోజూ చూస్తా ఆ చెయ్యి."

"తర్వాత?"

"ఈ పేరు గలామె డిసెంబర్లోనే మానేసింది, తమిళనాడులో రాయవేలూరు పెద్దాస్పత్రిలో చేరిందంట అన్నాను. నమ్మలేదు. నీ జేబులో బైబిలుందిగా, దాని మీద ఒట్టెయ్యి అన్నాడు."

చొక్కా జేబులోంచి చిన్న కొత్త నిబంధన పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. అంచులు నలిగిపోయి ఉంది.

"చెయ్యేశాను. వేసి చెప్పాను, రాయవేలూరని. నలభై ఏళ్ల నుంచీ అది నా జేబులోనే ఉందమ్మా. దాని మీద చెయ్యేసి అబద్ధం చెప్పాను. ఇంక నిన్న బల్ల దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లేది?"

నేను అక్కడే, అట్టపెట్టెల మధ్య, నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి మంచినీళ్లు తెచ్చారు.

"అతను వెళ్లిపోయాడా అండీ?"

"ఆఁ. రాయవేలూరుకి రైలు ఎక్కడ ఎక్కాలి అనడిగాడు. స్టేషన్‌లో కనుక్కోమన్నాను. అదొక్కటే నిజం చెప్పింది."

ఇద్దరం నవ్వేశాం. ఆయన నవ్వి, వెంటనే ఆపుకున్నారు.

ఆ సిస్టర్‌కి ఎందుకు చెప్పలేదని అడిగాను. రెండుసార్లు వార్డు దాకా వెళ్లి వెనక్కి వచ్చారట. "ఒట్టు సంగతి ఎట్టా చెప్పను? పైగా ఆమె ఇల్లు నాకు తెలిసిపోయిందంటే, ఇంకో మగాడికి తెలిసిందని భయపడుద్దేమో అని కూడా."

నా రూల్ ఆపాల్సిన మనిషిని యేసుపాదం గారు ఆపారు. నేను ఆయన గురించి మూడు రోజులు ఏమేం అనుకున్నానో అది ఇక్కడ రాయను.

జ్యోతిర్మయికి వెంటనే చెప్పాను. ఆమె గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. "రాయవేలూరా?" అంది. తర్వాత "రాయవేలూరు!" అని ఇంకోసారి అంది. సాయంత్రం దాకా ఆ మాట అనుకుంటూ ఒంటరిగా నవ్వుకుంటూనే ఉందట.

8 ఫిబ్రవరి, మంగళవారం

శివరామకృష్ణ గారికి అంతా చెప్పి, రాజీనామా కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన కాగితం చదవలేదు, రూల్స్ ఫైల్ చూపించమన్నారు. ఒక్కో రూల్ వేలు పెట్టి చదివారు.

"ఆ లైన్ పెట్టిన రోజు అరిచింది ఎవరు?"

"మీరు సర్."

"తీశావా అని ఒక్కసారన్నా అడిగానా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మరి నా రాజీనామా కూడా నువ్వే రాసిపెట్టు." కాగితం రెండు ముక్కలు చేసి బుట్టలో వేశారు. తర్వాత, "అది సరే గానీ, అసలు ఇంటి అడ్రస్‌లు ఇందులో దేనికి? లాగిన్‌కి అడ్రస్‌తో పనేంటి?" అన్నారు.

నేను ఆలోచించలేదు. పాత రిజిస్టర్లో ఉన్నవన్నీ ఎక్కించాం, అంతే. ఎవరికి కనబడాలి, ఎవరికి కనబడకూడదు అని రెండు వారాలు రూల్స్ రాశాను గానీ, ఇది ఇక్కడ ఉండాలా అని ఒక్క పూట అనుకోలేదు.

మధ్యాహ్నానికల్లా ఆరొందల పన్నెండు అడ్రస్‌లూ సర్వర్‌లోంచి తీసేశాం. పర్సనెల్ ఆఫీసు బీరువాలో కాగితాలుంటే చాలు. మిగతా రూల్స్ అన్నీ ఈసారి నలుగురి లాగిన్‌లతో సరిచూశాం. ఒక డాక్టరు, ఒక నర్సు, రెబ్కా, తోటమాలి పీరు. పీరు జీవితంలో మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "పేరూ ఫోనూ తప్ప ఏం కనబడతా లేదమ్మా" అన్నాడు భయంగా. "అదే కావాలి పీరూ" అన్నాను.

జ్యోతిర్మయికి కాంపౌండ్ లోపలి క్వార్టర్స్‌లో గది ఇప్పించారు శివరామకృష్ణ గారు. గేటు దగ్గర ఎప్పుడూ వాచ్‌మెన్ ఉంటాడు.

9 ఫిబ్రవరి, భస్మ బుధవారం

ఉపవాసం ఉండాల్సిన రోజే కడుపు నిండా తిన్నాను. పదిగంటలు నిద్రపోయాను.

10 ఫిబ్రవరి, గురువారం

జ్యోతిర్మయి యేసుపాదం గారిని కలుస్తానంది, తోడు రమ్మంది. "అక్కా, నేనెందుకు?" అంటే, "ఆయన ముందు ఏడుస్తానేమో, పట్టుకోడానికి" అంది.

ఏడవలేదు. రెండో కౌంటర్ దగ్గర క్యూలోనే నిలబడింది, తన వంతు వచ్చేదాకా. వచ్చాక కటకటాల సందులోంచి మాట్లాడింది. వెనక ఏడెనిమిది మంది ఉన్నారు.

"బాబాయ్ గారూ, మీరు ఒట్టు సంగతి బాధపడుతున్నారంట."

ఆయన చుట్టూ చూసి, "ఇక్కడ కాదులేమ్మా" అన్నారు.

"ఇక్కడే చెబుతా. మొదటిసారి ఇల్లు వదిలినప్పుడు నేను మా మేనత్త ఇంట్లో దాక్కున్నా. మా ఆయన వచ్చి మా నాన్నని అడిగాడు. మా నాన్న చాలా నిజాయితీ గల మనిషండీ. ఊళ్లో అందరూ అంటారు. ఉన్నదున్నట్టు చెప్పాడు." ఎడమ చెయ్యి కౌంటర్ మీద పెట్టింది. "ఇది అప్పటిదే."

యేసుపాదం గారు ఆ చేతి వైపే చూస్తూ ఉండిపోయారు. వెనక ఎవరో ఆలస్యమవుతోందని విసుక్కున్నారు. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

"పాపకి ఎన్నేళ్లమ్మా?" అన్నారు.

"ఆరు, బాబాయ్ గారూ. వచ్చే నెల ఏడొస్తాయి."

"ఆరు" అని తనకి తనే చెప్పుకుని, ఆయన కళ్లజోడు పెట్టుకుని, వెనక మనిషి చీటీ కోసం చెయ్యి చాపారు.